మామ వస్తున్నాడా, వస్తోందా

క్యారీ, నార్త్ కరోలినా
2024 అక్టోబరు 12

ఒరేయ్ శ్యామూ,

నీ ఉత్తరం అందింది. ‘పళ్ళు’ అని రాయాల్సిన చోట ‘పల్లు’ అని రాశావు. శనివారం నా తెలుగు క్లాసుకొచ్చే ఆరేళ్ళ పిల్లలు నీకన్నా నయం. అయినా రాస్తూనే ఉండు. ఫోన్‌లో అయితే మనిద్దరికీ రెండో మాటకే గొడవ. కాగితం మీదైతే కోపం పోస్టులోనే సగం చల్లారుతుంది.

ఇక్కడ నా గోంగూరంతా జింకలు తినేశాయి. మీ బావ ఎండాకాలం నుంచీ కంచె వేస్తానంటున్నారు. ఆయన సంగతి జింకలకి కూడా తెలిసిపోయినట్టుంది.

సరే, అసలు విషయానికొస్తాను. ధృవ్ ఫోన్ చేశాడు. జనవరిలో వాడికి ఇరవై ఒకటి నిండుతాయి కదా, ఆ రోజు యాన్ ఆర్బర్‌లో ఏదో పాత పబ్‌కి నువ్వు వాణ్ణి తీసుకెళ్తానని మాటిచ్చావట. “ఇట్స్ హిస్టారిక్, అమ్మా” అని నాకు పాఠం చెబుతున్నాడు. ఎన్నేళ్ళ నాటిదైతే ఏం, అమ్మేది బీరే కదరా!

అన్నప్రాసనకి మొదటి ముద్ద నువ్వే పెట్టావు. పుట్టువెంట్రుకలప్పుడు, చెవులు కుట్టించినప్పుడు వాడు కూర్చున్నది నీ ఒళ్ళోనే. చెవి కుడుతుంటే వాడికన్నా ముందు నువ్వే ఏడ్చావు. మేనమామగా అన్నీ చేశావు, కాదనను. ఇప్పుడా చేత్తోనే బీరు కూడా తాగిస్తావా? మా అత్తగారి చెవిన పడితే నా పుట్టింటి గురించి ఎన్ని మాటలంటుందో నీకు తెలీదు. స్నేహితులతో వెళ్ళి వాడేం చేసుకుంటాడో వాడిష్టం, నా కంటికి కనపడదు. నువ్వు మాత్రం వెళ్ళకూడదు. నా మీద ఒట్టు. ఆ రోజు ఆఫీసులో పనుందని చెప్పు. నేను వద్దన్నానని మాత్రం చెప్పకు, నెల్లాళ్ళు నాతో మాట్లాడడు.

మరదలికి ఆవకాయ పంపిస్తున్నాను. ఖాళీ సీసా తిరిగి పంపక్కర్లేదు. పోయినసారి పగిలిన గాజు ముక్కలు అందుకున్నాను.

ఉంటాను మరి,
సుధక్క


ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
2024 నవంబరు 3

అక్కా,

పళ్ళు, పళ్ళు, పళ్ళు. మూడుసార్లు రాశాను, చాలా?

ఆవకాయ చేరింది. రేణు ఆ సీసా నాకు దొరక్కుండా దాచేసింది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడులే.

నీ ఒట్టు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది నువ్వనుకునే లాంటి చోటు కాదక్కా. ఒకసారి మా ప్లాంట్‌వాళ్ళతో వెళ్ళాను. తల వంచి లోపలికి వెళ్ళాలి, పైకప్పు అంత కిందకుంటుంది. బల్లలన్నిటి మీదా పేర్లే. అక్కడొక పద్ధతి ఉంది. ఇరవై ఒకటి నిండినవాళ్ళు పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని వస్తారు. రెండు గ్లాసులు పోస్తారు. పెద్దవాళ్ళు ఒక గుక్క తాగాకే పిల్లలు తాగాలి. తర్వాత చిన్న కత్తి చేతికిస్తారు. బల్ల మీద తన పేరు చెక్కి, కింద ఒక గీత గీసి, ఆ గీత కింద తనని తీసుకొచ్చినవాళ్ళ పేరు చెక్కాలి. తండ్రులు, తాతలు, ఒక చోట ఎవరో బామ్మ పేరు కూడా చూశాను. వాళ్ళ అన్నప్రాసన అనుకో, నవ్వకు.

అయినా ఒట్టంటే ఒట్టే. ప్లాంట్‌లో కొత్త లైన్ మొదలవుతోంది, ఆ శనివారం డ్యూటీ పడిందని వాడికి చెప్పాను. “ఇట్స్ ఓకే మామా, నెక్స్ట్ టైమ్” అన్నాడు. ఇరవై ఒకటి మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తుందక్కా? నాకు మనసు బాగాలేదు. నీ మాట విన్నందుకు నీ మీదే కోపంగా ఉంది.

గమనించావా, వాడిప్పుడు నన్ను మావయ్యా అనడం మానేశాడు. మామా అంటున్నాడు. మాస్టర్స్‌కని వచ్చిన వరంగల్ కుర్రాళ్ళతో రూమ్‌లో ఉంటున్నాడు కదా, వాళ్ళ దగ్గర పట్టేశాడు. “ఏం జేస్తున్నవ్ మామా” అంటాడు, అదీ అమెరికా యాసలో. నీ శనివారం క్లాసు పదేళ్ళలో నేర్పలేనిది వాళ్ళు ఒక్క సెమిస్టర్‌లో నేర్పేశారు. ఉడుక్కోకు.

నీ తమ్ముడు,
శ్యామ్


క్యారీ
2025 ఫిబ్రవరి 9

శ్యామ్,

ఇంట్లోంచి చుట్టాలంతా వెళ్ళిపోయారు. ధృవ్ పోయి మూడు వారాలవుతోంది. ఇంకా వాడి ఫోన్ ఛార్జింగ్‌లో పెడుతున్నాను. దాని లాక్ తీయడం మాకెవరికీ చేతకాలేదు. పోలీసులు కూడా ఇది యాక్సిడెంటే, నేరమేమీ లేదని అలాగే తిరిగిచ్చేశారు. తాగి ఉన్నాడు, పబ్ మూసేశాక వెనక వైపు బెంచీ మీద కూర్చుని నిద్రపోయాడు, ఆ మంచులో ఇక లేవలేదు, అంతేనట. వాళ్ళ కాగితంలో ఒక్క పేరాలో అయిపోయింది.

నిన్న ఆ పబ్ నుంచి కార్డు వచ్చింది. అక్కడ పనిచేసే లొరేన్ అనే ఆవిడ రాసింది. ఆ రాత్రి వాడు కిటికీ పక్క బల్ల దగ్గర చివరిదాకా కూర్చున్నాడట. టాక్సీ పిలవనా అని ఈవిడ అడిగితే అక్కర్లేదన్నాడట. ‘హి కెప్ట్ సేయింగ్, మామా ఈజ్ కమింగ్’ అని రాసింది.

అమెరికావాళ్ళకి మామా అంటే అమ్మ కదా. నేనొస్తున్నానని అనుకున్నాడా? పదకొండు గంటల దూరంలో ఉన్న నేను ఎలా వస్తాననుకున్నాడు? రాత్రంతా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. వాడు పుట్టాక ఒక్కనాడు నన్ను మామా అనలేదు. అమ్మా అనే అన్నాడు. తెల్లవారాక నీ పాత ఉత్తరంలో మాట గుర్తొచ్చింది. ‘నన్ను మామా అంటున్నాడు’ అని నువ్వే రాశావు.

తెలుగులో చెప్పి ఉంటే మామ వస్తున్నాడో, వస్తోందో వెంటనే తెలిసేది. పిల్లలకి నేను మొదట నేర్పే పాఠం అదే. ఇంగ్లీషులో ఆ తేడా లేకపోయింది కాబట్టి నాకు ఒక రాత్రి పట్టింది.

వాడు నీకు ఫోన్ చేశాడు. నువ్వు వస్తానన్నావు. వెళ్ళలేదు. తర్వాత ఇక్కడికొచ్చి, దహనం రోజు నా పక్కన నిలబడి, నా భుజం పట్టుకుని కూడా ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఫోన్ చేయకు. నీ గొంతు వినలేను. జవాబు కాగితం మీద రాయి.

సుధ


ఫార్మింగ్టన్ హిల్స్
2025 ఫిబ్రవరి 16

అక్కా,

నాకు ఫోన్ రాలేదు. మెసేజ్ రాలేదు. వచ్చి ఉంటే చెప్పుల్లేకుండా అయినా పరిగెత్తేవాణ్ణి. ఇంట్లోనే ఉన్నాను. రేణు, నేను భోంచేసి పడుకున్నాం. ఫోన్ నా తలగడ పక్కనే ఉంది. పొద్దున్నే పోలీసులు చేసినప్పుడు దాన్నే ఎత్తాను.

వాడు ఎవర్ని తలుచుకుని మామా అన్నాడో నాకు తెలీదు. నేను కాదని మాత్రం తెలుసు. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వు తిన్నావా, పడుకుంటున్నావా అని అడగాలనుంది. అడిగే అర్హత ఉందో లేదో నువ్వే చెప్పాలి.

శ్యామ్


క్యారీ
2025 ఫిబ్రవరి 25

శ్యామ్,

ఇంట్లోనే ఉన్నానని నీ చేత్తో నువ్వే రాశావు. మరి వాడికి ప్లాంట్‌లో డ్యూటీ అని ఎందుకు చెప్పావు? ఇప్పుడు నాకంతా అర్థమైంది. వాడి ఫోన్ మోగింది. ఎత్తితే ఇంట్లో ఉన్నావని తెలిసిపోతుంది. అందుకని ఎత్తలేదు. లేదా ఎత్తి, వస్తానని చెప్పి, ఆ చలిలో లేవబుద్ధిగాక దుప్పటి కప్పుకున్నావు. నలభై నిమిషాల దారి నీకు భారమైంది.

అన్నప్రాసన రోజు నీ వేలు పట్టుకుని వదల్లేదు వాడు. ఆ ఫోటో ఇవాళ గోడ మీంచి తీసేశాను.

మాసికానికి రావద్దు. మీ బావ ‘వాణ్ణి అలా అనకు, కనుక్కుందాం’ అంటున్నారు. ఆయనకి ఎప్పుడూ నువ్వంటే జాలి. నాకు తమ్ముడు లేడనుకుంటాను.

సుధ


ఫార్మింగ్టన్ హిల్స్
2025 మార్చి 15

అక్కా,

లేడనుకున్నా సరే, ఇది చదువు. డ్యూటీ అని ఎందుకు చెప్పానో నీకే గుర్తొస్తుంది. నేను గుర్తుచేయను.

ఇవాళ మధ్యాహ్నం ఆ పబ్‌కి వెళ్ళాను. పట్టపగలు, లోపల నలుగురైనా లేరు. లొరేన్‌కి అరవై ఏళ్ళుంటాయి. ధృవ్ మేనమామనని చెప్పగానే చేతిలో గుడ్డ పక్కన పెట్టేసి నన్ను కిటికీ దగ్గర బల్లకి తీసుకెళ్ళింది. స్నేహితులు కొంతమంది ముందే వచ్చి వెళ్ళిపోయారట. వీడు మాత్రం రెండు గ్లాసులు పోయించుకుని ఒకటి ఎదుటి కుర్చీ ముందు పెట్టాడట. పద్ధతి ప్రకారం మామా ఒక గుక్క తాగాలి, మామా వచ్చేదాకా పేరు చెక్కను అన్నాడట. స్నేహితులు పోయించింది ముందే ఎక్కువైంది. ఆ రెండో గ్లాసు ఎవరూ ముట్టుకోలేదు. మూసేటప్పుడు ఈవిడే పారబోసింది.

నేనడిగాను, అంత తాగిన పిల్లవాణ్ణి బయట ఎలా వదిలేశావని. గట్టిగానే అడిగాను. ఆవిడ నా కళ్ళలోకి చూసి ఒక్కటే చెప్పింది. “వాళ్ళమ్మ వస్తోందనుకున్నాను. స్నేహితుడని చెప్పి ఉంటే, టాక్సీ అని చెప్పి ఉంటే నేను వాణ్ణి వదిలి కదిలేదాన్ని కాదు. అమ్మ వస్తానంటే రాకుండా ఉంటుందా?”

అక్కా, ఇది నీకు రాయకూడదనుకున్నాను. కానీ మన మధ్య ఇంకో దాపరికం పెట్టలేను.

అక్కణ్ణుంచి వాడి అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. అఖిల్ అనే కుర్రాడు తలుపు తీశాడు. వాళ్ళలో పెద్దవాడు, వాడికీ పాతికేళ్ళు లేవు. నన్ను చూసి లోపలికి కేకేశాడు. “మామా, ఎవరో అంకుల్ వచ్చిండు, జర లైటెయ్.” లోపల ఇంకో కుర్రాడు “వస్తున్న మామా” అన్నాడు.

వాళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు మామలే అక్కా. మన కాలంలో ఒరేయ్ అన్నట్టు.

ఆ రాత్రి సంగతి అడగ్గానే అఖిల్ ఏడవడం మొదలుపెట్టాడు. మా మామకి డ్యూటీ ఉంది, నాకు పెద్దోడివి నువ్వే, నువ్వే కూర్చోవాలి మామా అని ధృవ్ వాణ్ణి అడిగాడట. ఆ రాత్రి అఖిల్ గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తున్నాడు. స్టూడెంట్ వీసా మీద అలా బయట పని చేయకూడదు. తర్వాతి షిఫ్ట్‌కి రావాల్సినవాడు ఆలస్యం చేశాడు. క్యాష్ కౌంటర్ వదిలి కదల్లేక, ధృవ్ చేసినప్పుడల్లా వస్తున్నా మామా, వస్తున్నా మామా అంటూనే ఉన్నాడు. వాడి మాటలు విన్నవి విన్నట్టు రాస్తున్నాను. “నేనొచ్చేటాళ్ళకు అంత చీకటి అంకుల్. ముంగట చూసిన, ఎవ్వరు లేరు. ఫోన్ జేస్తే స్విచాఫ్. ఎవళ్ళతోనో పోయిండనుకున్న. ఎనకకు పోయి చూడలే అంకుల్. ఒక్కసారి ఎనకకు పోయి ఉంటే బతుకుతుండె.” ముందు వైపు గాలి కొడుతుందని ధృవ్ వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

పోలీసులకి మాత్రం ఇంట్లో నిద్రపోయానని చెప్పాడట, పని సంగతి బయటపడితే వీసా పోతుందని. వాడు చెడ్డవాడు కాదక్కా. చెడ్డవాడైతే నాకు బాగుండేది.

ఇది తెలిశాక నన్ను నమ్ముతావనుకుంటాను. నమ్మినా నాకు సంతోషమేమీ లేదు.

శ్యామ్


క్యారీ
2025 మార్చి 27

ఒరేయ్ శ్యామూ,

మొదట ఆ అఖిల్ గురించి యూనివర్సిటీకి రాయడానికి కూర్చున్నాను. వాడి పేరు, గ్యాస్ స్టేషన్, పోలీసులకి చెప్పిన అబద్ధం, అన్నీ. వాణ్ణి విమానం ఎక్కించేయాలనుంది. రాస్తూ మధ్యలోనే ఆగిపోయాను. విమానం ఎక్కిస్తే ఏమవుతుంది? వాళ్ళమ్మ దగ్గరికి కొడుకు ప్రాణాలతో చేరతాడు. చించేశాను. క్షమించానని చెప్పకు వాడికి. క్షమించలేదు.

తర్వాత ఆ పబ్‌లో పద్ధతేమిటో సరిగ్గా చూద్దామని నీ నవంబరు ఉత్తరం తీశాను. ‘ఒట్టంటే ఒట్టే’ అని ఉంది. ఎంతసేపు చూశానో నాకే తెలీదు. ఎలా మర్చిపోయానురా? డ్యూటీ అని చెప్పమన్నది నేను. నా పేరు చెప్పొద్దన్నది నేను. దాన్నే పట్టుకుని నిన్ను తిట్టాను. నువ్వు ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది కదా, నువ్వేగా ఒట్టు పెట్టావని. రాయలేదు నువ్వు. నేనైతే రాసేదాన్ని.

ఆ ఎదుటి కుర్చీ నీది. ఖాళీ చేయించింది నేను. మా అత్తగారు ఏమంటుందో అని. ఆవిడకి ఇప్పటికీ వాడు పబ్ దగ్గర పోయాడని తెలీదు, ఐసు మీద జారి పడ్డాడనే చెప్పాం. పరువు కాపాడుకున్నాం చూశావా.

లొరేన్ మాట మాత్రం మింగుడు పడటం లేదు. అమ్మ వస్తుందనుకుని వాణ్ణి వదిలేసింది. నన్ను నమ్మి వదిలేసింది, ఎన్నడూ చూడని నన్ను. ఆవిణ్ణి తిట్టబోతే నోరు రాలేదు. నేనైనా అలాగే వదిలేసేదాన్ని.

నాకో పని చేసిపెట్టు. నేను ఆ ఊరు రాలేను, ఆ బెంచీ నా కంట పడకూడదు. వాడు పేరు చెక్కుకోలేదు కదా. నువ్వెళ్ళి చెక్కు. కింద గీత గీసి, గీత కింద ఇంగ్లీషు అక్షరాల్లో మామా అని చెక్కు. తెలుగులో వద్దు. ఇంగ్లీషులో అయితే నేను చదివితే నేను, నువ్వు చదివితే నువ్వు, ఆ కుర్రాడు చదివితే వాడు. ముగ్గురి కోసమూ ఎదురుచూశాడనే అనుకుందాం. వాడొక్కడే ఆ బల్ల దగ్గర ఉన్నాడంటే నేను బతకలేను.

ఫోటో మళ్ళీ గోడకి పెట్టాను. ఏప్రిల్ మాసికానికి మరదలూ నువ్వూ రండి.

అక్క


ఫార్మింగ్టన్ హిల్స్
2025 ఏప్రిల్ 6

అక్కా,

నిన్న వెళ్ళాను. అఖిల్‌ని కూడా రమ్మన్నాను. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. లోపలికి రమ్మని నేను చేయి పట్టుకోవాల్సి వచ్చింది. చేయి చల్లగా ఉంది.

లొరేన్ కత్తి తెచ్చిచ్చింది. వాడి పేరు చెక్కొచ్చంది, ఇరవై ఒకటి నిండాయి, ఇక్కడ కూర్చుని తాగాడు, ఆ చోటు వాడిదే అంది. అయిదు ఇంగ్లీషు అక్షరాలే అయినా నాకు చాలాసేపు పట్టింది. ఎన్ని పొరల వార్నిష్ వేశారో, కత్తి జారిపోతోంది. చెవులు కుట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు వాడు ఏడుస్తూ నా చొక్కా పట్టుకున్నాడు.

కింద గీత గీశాను. తర్వాత నువ్వడిగింది ఆవిడకి చెప్పాను. ఒక్క మాటకి మూడు అర్థాలని, నీ ఉత్తరంలో ఉన్నదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుని అంతా విన్నది. కళ్ళు తుడుచుకుంది. నా చేతి మీద చేయి వేసి, ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

“గీత కింద వచ్చి కూర్చున్నవాళ్ళ పేరే, హనీ,” అంది. “వస్తామన్నవాళ్ళది కాదు.”

అఖిల్ ఆ మాట విని బయటికెళ్ళిపోయాడు. నేను బతిమాలలేదు. ‘వచ్చినవాళ్ళు.’ నీ దగ్గర ఎన్నిసార్లు తిట్లు తిన్నానో ఆ ‘ళ’ కోసం, ఈసారి సరిగ్గానే రాశాను, చూసుకో. మనలో ఎవరం వెళ్ళాం గనక అక్కా?

కత్తి తిరిగిచ్చేసి వచ్చాను. బల్ల మీద ధృవ్ అని ఉంది. దాని కింద గీత ఉంది. గీత కింద ఏమీ లేదు.

మాసికానికి వస్తాం.

శ్యామ్